బ్యాగు వీపున వేసుకుని విజయవాడ, గుంటూరు తిరగాలంటే: రైలా, బస్సా, ఆటోనా, క్యాబా?

ఒక వేసవిలో మా పిన్ని కొడుకు, వాడి స్నేహితుడు హైదరాబాద్ నుంచి దిగారు. ఇద్దరి వీపునా చెరో మూట. నాలుగు రోజుల్లో ఉండవల్లి, అమరావతి, కొండవీడు, సూర్యలంక చూసి పోవాలని వాళ్ల లెక్క. "అన్నయ్యా, మొత్తం రైళ్లలో తిరిగితే చవకా, లేకపోతే ఒక క్యాబ్ మాట్లాడేసుకోమంటావా?" అని అడిగాడు. నేను జవాబు చెప్పకుండా వాడి బ్యాగు ఎత్తి చూశాను. పన్నెండు కిలోలకి తగ్గదు. "ముందు ఈ రెండు జీన్స్ ప్యాంట్లు మా ఇంట్లో పెట్టెయ్యి, తర్వాత మాట్లాడదాం" అన్నాను.

నేనుండేది గుంటూరు, పని విజయవాడలో. వారానికి అయిదు రోజులు ఈ దారిలోనే నా బతుకు. రైలు, బస్సు, షేర్ ఆటో, యాప్ బైకు, అర్ధరాత్రి బేరమాడిన క్యాబ్, అన్నీ అయ్యాయి. అన్నిట్లోనూ తిట్టుకున్నాను కాబట్టి ఎవరి మీదా ప్రత్యేకంగా పక్షపాతం లేదు.

ఛార్జీలు పోల్చుకుని ఎంచుకునేవాళ్లు సగం లెక్కే వేస్తారు. నేను ఇంకోటి కూడా చూస్తాను: బ్యాగు వీపు మీంచి ఎన్నిసార్లు దించాలి, ఎన్నిసార్లు మళ్లీ ఎక్కించాలి. దించిన ప్రతిసారీ ఎవరితోనో మాట్లాడాలి, ఏదో ఒక నిర్ణయం చేయాలి, ఏదో ఒకటి మర్చిపోయే ప్రమాదం ఉంటుంది. నీళ్ల సీసా, ఛార్జర్, టోపీ. ప్రయాణంలో మనిషి నలిగిపోయేది అక్కడ. ముప్ఫై కిలోమీటర్లు కూర్చుని వెళ్లడంలో అలసటేమీ ఉండదు. స్టేషన్ గేటు నుంచి లాడ్జి మెట్ల దాకా ఉన్న ఆ రెండు కిలోమీటర్లే ప్రాణం తీస్తాయి. అందుకని నా సలహా ఎప్పుడూ ఒకటే: మధ్య దారి చవగ్గా పోండి, మొదలూ చివరా డబ్బు పెట్టండి. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు. ఏసీ బోగీకి టికెట్ కొని, స్టేషన్ బయట ఇరవై రూపాయల కోసం పావుగంట ఎండలో నిలబడి బేరమాడతారు.

విజయవాడ నుంచి గుంటూరుకి

దూరం 32 కిలోమీటర్ల పైచిలుకు. రైలూ, బస్సూ, క్యాబూ మూడూ ఉన్నాయి. మూడూ బాగానే ఉంటాయి, మూడూ ఏదో ఒకరోజు మోసం చేస్తాయి.

రైలంటే ముందు టికెట్ సంగతి. ఇంత దగ్గర ప్రయాణానికి రిజర్వేషన్ అక్కర్లేదు, జనరల్ చాలు. ప్యాసింజర్, మెమూ అయితే రోడ్డు పక్క టీ ఖర్చు. ఎక్స్‌ప్రెస్ జనరల్ అయినా రెండు మూడు టీలు, అంతే. ఇక్కడే కొత్తవాళ్లు దొరికిపోతారు. ప్యాసింజర్ టికెట్ కొని, ముందొచ్చింది కదా అని ఎక్స్‌ప్రెస్ ఎక్కేస్తారు. ఆ టికెట్ దానికి చెల్లదు. సూపర్‌ఫాస్ట్ అయితే దాని మీద ఇంకో సర్‌ఛార్జి ఉంటుంది. టీసీ పట్టుకుంటే జరిమానా కనీసం 250 రూపాయలు, ఆ పైన ఛార్జీ. అంత డబ్బుకి దర్జాగా ఏసీ బస్సులో పోవచ్చు. కాబట్టి కౌంటర్లో "గుంటూరు ఒకటి" అని ఊరుకోకండి, "గుంటూరు ఎక్స్‌ప్రెస్, సూపర్‌ఫాస్ట్‌కి కూడా" అని చెప్పండి. తేడా కొద్ది రూపాయలే, ఏ బండి ముందొస్తే అది ఎక్కొచ్చు. 200 కిలోమీటర్ల లోపు జనరల్ టికెట్ కొన్న మూడు గంటల్లో ప్రయాణం మొదలెట్టాలన్నది కూడా గుర్తుంచుకోండి. పొద్దున్నే కొని జేబులో పెట్టుకుని, దుర్గమ్మ దర్శనం చేసుకుని మధ్యాహ్నం ఎక్కుదామంటే కుదరదు.

క్యూ తప్పించుకోవాలంటే ఫోన్లో రైల్‌వన్ యాప్ ఉంది. స్టేషన్‌కి వచ్చే దారిలో, ఆటోలో ఉండగానే టికెట్ తీసేసుకోండి. స్టేషన్ లోపలికి వచ్చేశాక మామూలుగా తియ్యనివ్వదు, అక్కడ అంటించిన క్యూఆర్ కోడ్ వెతుక్కుని స్కాన్ చెయ్యాలి. వీపున మూటతో, చేతిలో ఫోన్‌తో ఆ గోడలు వెతకడం కన్నా క్యూలో నిలబడటమే నయం.

ఇక రెండోది, నేను స్వయంగా చేసిన ఘనకార్యం. విజయవాడ నుంచి కృష్ణ దాటే రైళ్లన్నీ గుంటూరు వెళ్లవు. వంతెన దాటి కృష్ణా కెనాల్ జంక్షన్ వచ్చాక దారి రెండుగా చీలుతుంది. కుడివైపు మంగళగిరి, నంబూరు మీదుగా గుంటూరు. ఎడమవైపు దుగ్గిరాల మీదుగా తెనాలి, అక్కణ్నుంచి ఒంగోలు, నెల్లూరు, చెన్నై. ఈ సంగతి నాకు తెలియక కాదు. ఆ రోజు ప్లాట్‌ఫారం మీదకి వెళ్లేసరికి బండి కదులుతోంది, ఎవరో "గుంటూరేగా?" అని అడిగారు, ఇంకెవరో "ఆఁ ఆఁ" అన్నారు. ఎక్కేశాను. తలుపు దగ్గర నిలబడి కుడివైపు బ్యారేజీని, ఇంద్రకీలాద్రిని చూస్తూ హాయిగా గాలి పీల్చుకుంటున్నాను. బ్రాడీపేటలో ఉండే మా అత్తయ్య ఫోన్ చేసింది.

"మంగళగిరి దాటావా నాన్నా? పప్పులోకి పోపు పెట్టనా?"

బయటకి చూస్తే మంగళగిరి కొండ లేదు. స్టేషన్ బోర్డు మీద దుగ్గిరాల అనుంది.

"దుగ్గిరాల దాటుతున్నానత్తయ్యా."

"దుగ్గిరాలా? గుంటూరు దారిలోకి దుగ్గిరాల ఎప్పుడొచ్చిందిరా?"

తెనాలిలో దిగి, గుంటూరుకి ఇంకో టికెట్ కొని, ఇంకో పాతిక కిలోమీటర్లు వెనక్కొచ్చాను. పప్పు చల్లారిపోయింది. ఎక్కేముందు తోటి ప్రయాణికుణ్ని అడగడం కాకుండా, బోగీ మీద రాసిన ఊళ్ల పేర్లు చదవండి, లేదా డిజిటల్ బోర్డులో బండి నంబరు చూసుకోండి. "ఆఁ ఆఁ" అనేవాళ్లు అన్ని ప్లాట్‌ఫారాల మీదా ఉంటారు.

విజయవాడ స్టేషన్లో పది ప్లాట్‌ఫారాలున్నాయి. జనరల్ బోగీలు మామూలుగా బండికి ఈ చివరా ఆ చివరా ఉంటాయి. నడిమధ్య ఫుట్‌ఓవర్ బ్రిడ్జి దిగి, బండి వచ్చాక చివరికి పరుగెత్తడమంటే పన్నెండు కిలోల మూటతో కసరత్తు చేసినట్టే. కాస్త ముందే వెళ్లి చివర నిలబడండి. రైలు లోపలికి దూరాక మాత్రం బస్సుకన్నా సుఖం. బ్యాగు సీటు కింద తోసేయొచ్చు, కాళ్లు చాపుకోవచ్చు, తలుపు దగ్గర నదిగాలి ఉచితం. ఇబ్బందల్లా, లోపల ఎంత సుఖంగా ఉన్నా, బండి సిగ్నల్ కోసం ఊరి బయట ఆగిపోతే చేసేదేమీ లేదు. "ఔటర్లో ఆపాడు" అన్న మాట మా ఇళ్లల్లో ఆలస్యానికి మారుపేరు. ఖచ్చితమైన టైముకి చేరాల్సిన పని ఉంటే ఆ రోజు రైలు వద్దు.

బస్సు విషయానికొస్తే, పండిట్ నెహ్రూ బస్టాండ్ నుంచి గుంటూరుకి బస్సు కోసం పెద్దగా ఎదురుచూడక్కర్లేదు. ఒకటి పోతే వెనకే ఇంకోటి. ఇదే బస్సుకున్న అసలు బలం. టైంటేబుల్ చూసుకునే పని లేదు, ప్లాట్‌ఫారం మారే భయం లేదు. బస్టాండ్ పెద్దది, వచ్చే బస్సులు ఒక భాగంలో ఆగుతాయి, వెళ్లేవి ఇంకో భాగంలో. దిగిన చోటే ఎక్కుదామని నిలబడిపోకండి. దారి కూడా చదునుగా, నేషనల్ హైవే మీద వారధి దాటి, మంగళగిరి, కాజ టోల్‌గేటు, నాగార్జున యూనివర్సిటీ మీదుగా సాగిపోతుంది.

బస్సు బలహీనత బ్యాగే. నాన్‌స్టాప్‌లో, సూపర్ లగ్జరీలో అయితే పైన అరలో పట్టేంత చిన్న బ్యాగుకి ఇబ్బంది లేదు, పెద్దదైతే కింద డిక్కీ ఉన్న బస్సు చూసుకోవాలి. పల్లెవెలుగులో అది ఒళ్లోనే ఉంటుంది, లేదా మీ కాళ్ల మధ్య నిలబడి ఎక్కే దిగే ప్రతివాళ్ల మోకాళ్లనీ పలకరిస్తుంది. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద రాష్ట్రంలోని ఆడవాళ్లకి పల్లెవెలుగు, అల్ట్రా పల్లెవెలుగు, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ ఉచితం. రాష్ట్రంలో ఉంటున్నట్టు చూపే గుర్తింపు కార్డు ఒకటి దగ్గరుండాలి. మా చెల్లెలు ఇప్పుడు రైలు మాటే ఎత్తడం లేదు. ఆ బస్సులు నిండుగా నడుస్తున్నాయి కాబట్టి, పెద్ద మూటతో వెళ్లేవాళ్లు ఆఫీసు వేళలు తప్పించుకుంటే మేలు.

క్యాబ్‌కి అయ్యే డబ్బుతో ఇద్దరు మనుషులు బస్సులో చాలాసార్లు ఇటూ అటూ తిరగొచ్చు. అయినా కొన్నిసార్లు అదే సరైనది. ముగ్గురూ నలుగురూ ఉండి పంచుకుంటే, రాత్రి పది దాటాక దిగితే, వెంట పెద్దవాళ్లుంటే, లాడ్జి ఊరికి ఇంకో మూల ఉంటే. క్యాబ్‌లో బ్యాగు ఒకసారి డిక్కీలో పెడతారు, ఒకసారి తీస్తారు. రైలుకైతే ఆటోలోకి, ఆటోలోంచి, వంతెన ఎక్కి, దిగి, బోగీలోకి, బోగీలోంచి, మళ్లీ ఆటోలోకి. వేళ్లు మడిచి లెక్కపెట్టండి.

నన్నడిగితే, లాడ్జి స్టేషన్‌కి నడిచేంత దూరంలో ఉంటే రైలు. లేకపోతే బస్సు. ఒంటరిగా ఉన్నవాళ్లు పగటిపూట క్యాబెక్కడం దండగ.

గేటు బయట అసలు కథ

విజయవాడ స్టేషన్‌కి రెండు ముఖాలున్నాయి. ఒకటో నంబరు ప్లాట్‌ఫారం వైపు గాంధీనగర్, గవర్నర్‌పేట. లాడ్జీలు, హోటళ్లు, బస్టాండుకి వెళ్లే దారి అన్నీ ఇటే. పదో నంబరు వైపు తారాపేట, అటు వన్‌టౌన్, కాళేశ్వరరావు మార్కెట్, గుడికి వెళ్లే దారి. మీకు ఎటు పని ఉందో రైలు దిగకముందే తేల్చుకోండి. యాప్‌లో క్యాబ్ బుక్ చేసినప్పుడు చుక్క తారాపేట వైపు పడి, మీరు మెయిన్ గేటు దగ్గర నిలబడితే ఇక చూడండి తమాషా. డ్రైవరు "సార్, నేను వచ్చేశాను" అంటాడు, మీరు "నేనూ ఇక్కడే ఉన్నాను" అంటారు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. మధ్యలో పది ప్లాట్‌ఫారాలున్నాయి. అందుకే చుక్కని చేత్తో జరిపి, "మెయిన్ గేటు" అనో "తారాపేట గేటు" అనో మెసేజ్ పెట్టండి.

ఆ తర్వాత వచ్చే ఫోను కూడా తెలిసిందే. "ఎక్కడికండీ? క్యాషా, ఆన్‌లైనా?" ఈ ప్రశ్నకి మీరిచ్చే జవాబు నచ్చకపోతే బండి మ్యాపులో కదలడం మానేస్తుంది. ఒకసారి నేను పదిహేను నిమిషాలు చూశాను, ఆ బొమ్మ కారు ఒక టీ కొట్టు పక్కన అలాగే నిలబడి ఉంది. క్యాన్సిల్ చేస్తే నాకు ఛార్జీ పడుతుందని అతను చూస్తున్నాడు, అతను చేస్తాడని నేను చూస్తున్నాను. ఇప్పుడు అయిదు నిమిషాల హద్దు పెట్టుకున్నాను. కదలకపోతే క్యాన్సిల్ చేసి బయట ఆటో. పోయే పాతిక రూపాయల కన్నా పరగడుపున నిలబడే పావుగంట ఖరీదైనది.

ఆటోల దగ్గర మొదటి పాఠం: ధర అడిగేముందు ధర తెలిసి ఉండాలి. యాప్‌లో ఊరికే గమ్యం కొట్టి చూడండి, ఆటోకి ఎంత చూపిస్తోందో. అదే మీ బేరానికి పునాది. దాని మీద కొంచెం ఎక్కువ చెబితే ఒప్పుకోండి, ఎందుకంటే అతనికి కమీషన్ లేదు, మీకు ఎదురుచూపు లేదు. రెట్టింపు చెబితే నడవండి. నాలుగడుగులు వేశాక "సార్, రండి" అన్న పిలుపు వినిపించకపోతే, మీరు చెప్పింది నిజంగానే తక్కువ.

రెండో పాఠం ఇంకా ముఖ్యం. "మనిషికా, బండికా?" అని అడగండి. మా పిన్ని కొడుకూ వాడి స్నేహితుడూ స్టేషన్ నుంచి బెంజి సర్కిల్‌కి "అరవై" అని ఒప్పుకుని ఎక్కారు. దిగాక "నూట ఇరవై" అన్నాడు. మనిషికి అరవై అట. వీళ్లు బండికి అరవై అనుకున్నారు. ఎవరూ అబద్ధమాడలేదు, ఎవరూ సరిగ్గా చెప్పలేదు. చివరికి వంద ఇచ్చి బయటపడ్డారు. ఆ నలభై రూపాయలు పోయినందుకు కాదు గానీ, ఆ రోజంతా "మనం మోసపోయాం" అన్న మూడ్‌లో ఉండి ఉండవల్లి గుహల్ని సరిగ్గా చూడలేదు. నాకు మటుకు అదే పెద్ద నష్టం.

"ఎక్కడికి సార్, లాడ్జీకా?" అని అడిగితే "ఆఁ, ఏదైనా మంచిది చూపించండి" అనకండి. ముందే బుక్ చేసుకున్నట్టు పేరు, సెంటర్ పేరు చెప్పండి. విజయవాడలో అన్నీ సెంటర్లే. సెంటర్ పేరుతో అడిగేవాడిని ఊరివాడిగా లెక్కేస్తారు. ఇంకో చిన్న సంగతి: పొద్దున్నే అయిదింటికి దిగితే బోణీ బేరం. మొదటి బేరం చెడగొట్టుకోవడం ఎవరికీ ఇష్టముండదు, మర్యాదగా అడిగితే తగ్గుతారు.

షేర్ ఆటో అన్నిటికన్నా చవక. చిన్న బ్యాగుతో ఉన్నవాళ్లకి విజయవాడలో అంతకు మించిన బండి లేదు, సెంటర్ నుంచి సెంటర్‌కి సాఫీగా పోతుంది. కానీ పెద్ద మూటతో ఎక్కితే మీరు రెండు సీట్లు తింటారు. డ్రైవరు మొహం మాడ్చుకుంటాడు, పక్కనున్న పెద్దావిడ "బాబూ, ఆ పట్టీ కాస్త తియ్యి, కళ్లలో పొడుచుకుంటోంది" అంటుంది. ఇంకో మనిషికి ఇచ్చేంత ఇస్తానని మీరే చెప్పండి, గొడవ అక్కడితో సరి. యాప్ బైకు ఒంటరివాళ్లకి బాగుంటుంది. అయితే బ్యాగు మీ వీపున ఉంటే బ్రేకు వేసినప్పుడల్లా మిమ్మల్ని వెనక్కి లాగుతుంది. దాన్ని ముందుకు తెచ్చి, మీకూ డ్రైవరుకీ మధ్య పెట్టుకోండి. పది కిలోలు దాటితే మాత్రం బైకు వద్దు. బెంజి సర్కిల్ దగ్గర ఒకసారి పడబోయి చెబుతున్నాను.

గుంటూరు స్టేషన్ చిన్నది, బేరాలు కాస్త మెత్తగా ఉంటాయి. ఇక్కడ కూడా తూర్పు, పడమర రెండు వైపులా దారులున్నాయి. బ్రాడీపేట, అరండల్‌పేటల్లో దిగేవాళ్లు పడమర వైపు వస్తే సరి. శంకర్ విలాస్ దగ్గర పాత వంతెన తీసేసి కొత్తది కట్టడం మొదలుపెట్టాక పట్టాలకి ఆ వైపు నుంచి ఈ వైపుకి ఆటోలో రావడం చుట్టూ తిరుగుడైంది, ఆటోవాళ్లు ఆ చుట్టు తిరిగిన లెక్కే చెబుతారు. బస్టాండ్ స్టేషన్‌కి ఆనుకుని లేదు, మూటతో నడిచే దూరం కాదు. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా మిర్చి సీజన్లో యార్డు వైపు ఆటోలో వెళ్లాల్సి వస్తే చేతిరుమాలు తీసి పెట్టుకోండి. మా ఊరివాళ్లం తుమ్ముతూనే మాట్లాడుకుంటాం, అలవాటు లేనివాళ్లు కళ్లు నులుముకుని ఇంకా మంట తెచ్చుకుంటారు.

చూడ్డానికి వెళ్లే చోట్లు

ఇక్కడ ఒక్కో చోటికి ఒక్కో సమాధానం. ఒకే బండితో అన్నీ తిరగాలనుకోవడం దండగ ఖర్చు.

ఉండవల్లి గుహలు విజయవాడకి దగ్గరే, ప్రకాశం బ్యారేజీ దాటితే వచ్చేస్తాయి. దీనికి ఆటో సరిపోతుంది. రానూపోనూ, గంటన్నర వెయిటింగ్ కలిపి ఒకటే రేటు మాట్లాడుకోండి. వెళ్లేటప్పుడు సగం ఇచ్చి, తిరిగొచ్చాక సగం ఇస్తే ఆటో అక్కడే ఉంటుంది. లోపల అనంతశయన మూర్తి ముందు కూర్చుని పది నిమిషాలు ఊరికే ఉండాలంటే బయట బండి ఉందన్న ధీమా కావాలి. బ్యారేజీ 1957లో కట్టింది, కిలోమీటరుకి పైగా పొడవు. సాయంత్రం వస్తుంటే ఆటోని ఒక్క నిమిషం ఆపమనాలనిపిస్తుంది, కానీ వెనక బండ్లు ఊరుకోవు.

అమరావతికి రైల్లేదు. ఎర్రుపాలెం నుంచి అమరావతి మీదుగా నంబూరుకి 57 కిలోమీటర్ల కొత్త లైను 2024 అక్టోబరులో మంజూరైంది, అందులో కృష్ణ మీద ఒక వంతెన కూడా ఉంది. అది పూర్తయ్యాక ఈ పేరా తిరగరాస్తాను. ఇప్పటికైతే గుంటూరు నుంచీ, విజయవాడ నుంచీ బస్సులున్నాయి. నేను గుంటూరు నుంచి బస్సులో వెళ్లి, స్తూపం, మ్యూజియం, ధ్యానబుద్ధ విగ్రహం, అమరేశ్వరుడి గుడి చూసుకుని బస్సులోనే వస్తాను. ఊళ్లో అన్నీ దగ్గర దగ్గరే. క్యాబ్ తీసుకుంటే దాన్ని రోజంతా చెట్టు కింద నిలబెట్టి డబ్బు కట్టడమే. బ్యాగు లాడ్జిలో వదిలేసి చిన్న సంచితో వెళ్లండి.

కొండవీడుకి తిరకాసు ఎక్కువ. రెడ్డిరాజుల కోట, గుంటూరుకి పాతిక కిలోమీటర్ల దూరం, పైదాకా ఘాట్ రోడ్డు. కింద ఊరి దాకా బస్సో ఆటోనో దొరికినా, కొండ ఎక్కడం, దిగడం, దిగాక మళ్లీ బండి దొరకడం మీద ఆధారపడితే రోజంతా గడియారం చూస్తూ ఉంటారు. నా ఓటు ఇక్కడ క్యాబ్‌కే. నాలుగు రోజుల బడ్జెట్‌లో ఒక్కసారే క్యాబ్ తీసుకుంటే అది కొండవీడుకి తీసుకోండి. మాట్లాడుకునేటప్పుడు కిలోమీటర్లు, గంటలు, ఘాట్ ఎక్కుతుందా లేదా అన్న మూడూ ముందే తేల్చుకోండి. "కింద దాకానే అనుకున్నా సార్" అన్న మాట కొండ మొదట్లో వింటే ఏం చేయగలం?

సూర్యలంక బీచ్‌కి రైలు, ఆటో జోడీ భలే కుదురుతుంది. విజయవాడ నుంచి బాపట్ల సుమారు 75 కిలోమీటర్లు, చెన్నై లైనులో. గుంటూరు వాళ్లయితే తెనాలి మీదుగా. బాపట్ల స్టేషన్ దగ్గర ఆటో, అక్కణ్నుంచి తొమ్మిది కిలోమీటర్లు. మధ్య దారి చవక, చివరి ముక్కకి డబ్బు. నేను చెప్పే పద్ధతికి ఇంతకన్నా చక్కటి దారి దొరకదు. ఆదివారం సాయంత్రం మాత్రం తిరుగు ఆటో రేటు సముద్రం అలలాగా లేస్తుంది, ముందే మాట్లాడుకోండి.

మాచర్ల రైలెక్కి నాగార్జునసాగర్ వెళ్లాలన్న సరదా ఉన్నవాళ్లుంటారు. గుంటూరు నుంచి నడికుడి మీదుగా ఆ ప్రయాణం నిదానం, పల్నాడు పొలాలు చూడ్డానికి బాగుంటుంది, తొందర ఉంటే మాత్రం బస్సే. మాచర్లలో దిగాక ఇంకో ఇరవై అయిదు కిలోమీటర్లు మిగిలే ఉంటుంది.

దూరం రైలు, రాత్రి దిగడం

ఇక్కడి నుంచి బయటి ఊళ్లకి వెళ్లేటప్పుడు ఒకటి చూసుకోండి: విజయవాడ, గుంటూరు ఒకే స్టేషన్‌లాగా అనుకోవద్దు. సికింద్రాబాద్ – తిరుపతి వందేభారత్ నల్గొండ, గుంటూరు మీదుగా పోతుంది, విజయవాడ ముఖం చూడదు. సికింద్రాబాద్ – విశాఖ వందేభారత్ విజయవాడ మీదుగా పోతుంది, గుంటూరుకి రాదు. గుంటూరు నుంచి గోల్కొండ, పల్నాడు రెండూ హైదరాబాద్ వైపే, కానీ ఒకటి విజయవాడ, వరంగల్ మీదుగా చుట్టు తిరుగుతుంది, రెండోది నడికుడి మీదుగా దగ్గర దారిలో. టికెట్ దొరికిన ఊరే మీరు ఎక్కాల్సిన ఊరు, లాడ్జి దాన్ని బట్టి తీసుకోండి.

రిజర్వేషన్ 60 రోజుల ముందు నుంచి తెరుస్తారు. తత్కాల్ ముందురోజు ఏసీకి పదింటికి, స్లీపర్‌కి పదకొండింటికి. వెయిటింగ్ లిస్టు టికెట్‌తో స్లీపర్‌లో ఓ మూల సర్దుకుందామన్న పాత అలవాటు ఇప్పుడు చెల్లదు. ఆ టికెట్ చేతిలో ఉంటే రైలు ఆశ వదిలేసి రాత్రి బస్సు చూసుకోవడం నయం. బస్సులో నిద్ర సరిగా పట్టకపోయినా కూర్చునే చోటు మీదే.

స్లీపర్‌లో నాకు పై బెర్త్ ఇష్టం. బ్యాగు తల కింద పెట్టుకుని పడుకుంటే అదే దిండు, అదే కాపలా. కింది బెర్త్ అయితే గొలుసు వేసి కింద ఉన్న కొక్కేనికి తాళం పెట్టుకోవాలి. విజయవాడ అర్ధరాత్రి వచ్చే బండ్లలో నిద్ర దాటిపోతుందన్న భయముంటే 139కి ఫోన్ చేసి అలర్ట్ పెట్టుకోండి. రైల్లో ఏ ఇబ్బంది వచ్చినా అదే నంబరు.

రాత్రి రెండింటికి దిగారనుకుందాం. ఆ వేళ బేరానికి దిగకండి, ముఖ్యంగా ఒంటరి ఆడపిల్లలు. గాంధీనగర్ లాడ్జీలు దగ్గరే అయినా తలుపు తట్టి లేపాలి. స్టేషన్లోనే రిటైరింగ్ రూములు, డార్మిటరీ ఉన్నాయి. ఖాయమైన టికెట్ పీఎన్ఆర్‌తో ముందే ఆన్‌లైన్లో బుక్ చేసుకోవచ్చు. అదీ దొరక్కపోతే వెయిటింగ్ హాల్లో తెల్లారేదాకా కూర్చోండి. మూడు గంటల నిద్ర పోతుంది, పోనివ్వండి.

బ్యాగు వదిలించుకోవడం

పగలు ఊరు తిరిగి రాత్రి రైలెక్కే రోజున లాడ్జి ఖాళీ చేసి బ్యాగు ఎక్కడ పెట్టాలన్నది అందరికీ వచ్చే సమస్య. స్టేషన్లో క్లోక్‌రూం ఉంది, టికెట్ చూపించాలి. తాళం వేయని బ్యాగు తీసుకోరు. ట్రెక్కింగ్ బ్యాగులకి పైన తాడు బిగించి మూసే నోరు ఉంటుంది, తాళం వేసే చోటే ఉండదు. మా పిన్ని కొడుకు అక్కడే ఇరుక్కుపోయాడు. కౌంటర్లో ఉన్న ఆయన బ్యాగుని అటూ ఇటూ తిప్పి చూసి, "తాళం ఏదయ్యా దీనికి?" అన్నాడు. వీడు క్లిప్పు చూపించాడు. "అది తాళం కాదు, బెల్టు" అన్నాడాయన. ఆయనది న్యాయమే.

చివరికి వీడు వన్‌టౌన్ వైపు పరుగెత్తి, బియ్యం మూటకి వాడే గోనెసంచీ లాంటిదీ, ఒక చిన్న తాళం, సైకిల్ గొలుసు ముక్కా కొనుక్కొచ్చాడు. బ్యాగుని గోనెలో దూర్చి, మూతి ముడిచి, గొలుసు చుట్టి తాళం వేశాడు. ఈసారి తీసుకున్నారు. ఆ గోనె ఇప్పటికీ మా ఇంట్లో ఉంది, జీన్స్ ప్యాంట్ల పక్కన. రెండూ పట్టుకెళ్లమని ప్రతి పండక్కీ చెబుతూనే ఉన్నాను.